లెక్క ఎవరికి చెబుతున్నాం?



సేవ కోసం పుట్టిన సంస్థ, పదేళ్లు గడిచాక, ఇరవై ఏళ్లు గడిచాక కూడా ఆ సేవకే కట్టుబడి ఉండాలంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు నీతులు చెప్పి ఊరుకోవచ్చు. కానీ మన కళ్లముందే, మన ఊళ్లలోనే జరిగిన ఒక సంగతి ఉంది. దాన్ని వదిలేసి ఈ విషయం మాట్లాడటం నాకు న్యాయంగా తోచదు. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను.

2010 ఆగస్టు. హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ అనే కంపెనీ స్టాక్ మార్కెట్‌లోకి వచ్చింది. ఒక్కో షేరు 985 రూపాయలు. అమ్మకానికి పెట్టినవాటికి పదమూడు రెట్ల దాకా దరఖాస్తులు వచ్చాయి. పేద ఆడవాళ్లకు చిన్న చిన్న అప్పులిచ్చే కంపెనీ షేర్ల కోసం దేశ విదేశాల పెట్టుబడిదారులు పోటీ పడ్డారు. రెండు నెలలు తిరిగాయో లేదో, అక్టోబరు నడిమికల్లా అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలన్నిటి మీదా ఒక ఆర్డినెన్సు తెచ్చింది. సంస్థలు జిల్లాల్లో రిజిస్టరు చేసుకోవాలి. వారం వారం కిస్తీలు కుదరవు, నెలకొకసారే. వసూళ్లు ఇంటి గుమ్మం దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసు దగ్గరే. వడ్డీ మొత్తం ఎంతైనా అసలును మించకూడదు. అప్పులు తీర్చలేక, వసూళ్లకొచ్చినవాళ్ల ఒత్తిడి తట్టుకోలేక జనం ప్రాణాలు తీసుకుంటున్నారని అప్పట్లో జిల్లాల నుంచి వరసగా వార్తలు వచ్చాయి. ఆ మరణాలకు తాము కారణం కాదని కంపెనీలు వాదించాయి. వాదన ఏదైనా, అంతవరకూ నూటికి 99 వసూలయ్యే బాకీలు కొద్ది నెలల్లోనే నూటికి పదికి అటూ ఇటూ పడిపోయాయి. మన రాష్ట్రంలో ఆ వ్యాపారం కుప్పకూలింది.

ఇక్కడ మనం ఆగి చూడాల్సింది దాని పుట్టుకను. ఎస్‌కేఎస్ అంటే స్వయం కృషి సంగం. 1997లో మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో ఒక స్వచ్ఛంద సంస్థగా మొదలైంది. నారాయణఖేడ్ ఎలాంటి ఊరో ఆ వైపు తిరిగినవాళ్లకు తెలుసు. వానను నమ్ముకున్న భూములు, పంట పోతే షావుకారు, షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయలు, ఐదు రూపాయల నెల వడ్డీ. బ్యాంకు మెట్లెక్కే ధైర్యం లేని ఆడమనిషికి, తాకట్టు పెట్టడానికి ఏమీ లేని ఆడమనిషికి, ఒక మేక కొనుక్కోవడానికో, చిన్న కొట్టు పెట్టుకోవడానికో అప్పిస్తామని వచ్చిన సంస్థ అది. ఆ ఉద్దేశంలో వంక పెట్టడానికేమీ లేదు. మొదట్లో దాన్ని నిలబెట్టింది దాతల డబ్బు.

పద్ధతి బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు నుంచి తెచ్చుకున్నది. చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తెల్లారి ఏడింటికల్లా, కూలికి వెళ్లే వేళ దాటకుండా, ఎవరో ఒకరి వాకిట్లో చాప పరుస్తారు. ఐదుగురొక గ్రూపు. గ్రూపు వెనక గ్రూపు వరసగా కూర్చుంటారు. ముందు అందరూ కలిసి ప్రమాణం చెబుతారు. తర్వాత గ్రూపు లీడరు తన ఐదుగురి కిస్తీ డబ్బూ పోగుచేసి, పాసుపుస్తకాలతో కలిపి ముందుకు జరుపుతుంది. కంపెనీ మనిషి నోట్లు లెక్కపెట్టి, పుస్తకంలో రాసి, సంతకం పెడతాడు. ఒకామె దగ్గర ఈ వారం డబ్బు లేకపోతే మిగతా నలుగురూ సర్దాలి. పూచీ ఆస్తిది కాదు, పక్కింటామెది. పద్ధతి మొదలైన రోజుల్లో ఆ సర్దుబాటు ఒక ఆసరా. ఈ వారం నీకు నేను, వచ్చే వారం నాకు నువ్వు.

అదే చాప, అదే ఐదుగురు, అదే పాసుపుస్తకం. 2009, 2010 నాటికి ఆ వాకిట్లో జరిగేది వేరు. ఒకే ఆడమనిషి చేతిలో మూడు నాలుగు కంపెనీల పాసుపుస్తకాలు. సోమవారం ఒక కంపెనీ కిస్తీ, బుధవారం ఇంకొక కంపెనీది. ఒకదాని అప్పు కట్టడానికి ఇంకొకదాని దగ్గర అప్పు. కిస్తీ రాకపోతే మీటింగు ముగియదు. కూలికి వెళ్లాల్సిన పాతిక మంది ఒకామె గుమ్మం ముందు కూర్చోవాలి. వసూలు చేసే కుర్రాడు కూడా పల్లెటూరి డిగ్రీ కుర్రాడే. అతనికి ఎంతమందిని కొత్తగా చేర్చాడు, ఎంత అప్పు పంచాడు, ఎంత వసూలు చేశాడు అన్న లెక్కల మీదే జీతం, బోనసు, ఉద్యోగం. ఆ ఇంట్లో మేక బతికిందా, కొట్టు నడుస్తోందా అన్నది అతను నింపే ఏ కాగితంలోనూ లేదు.

ఈ రెండు వాకిళ్ల మధ్య ఏం మారింది? మనుషులు చెడ్డవాళ్లయ్యారని చెప్పుకుంటే సులువుగా తేలిపోతుంది. నేను అలా అనుకోను. ఆ సంస్థను నడిపినవాళ్ల వాదనలో బలముంది. దాతల విరాళాలతో కొన్ని వేలమందికి అప్పివ్వగలం. దేశంలో అప్పు దొరకని పేదలు కోట్లమంది. అంతమందికి చేరాలంటే కావలసిన డబ్బు మార్కెట్‌లోనే ఉంది. మార్కెట్ డబ్బు కావాలంటే కంపెనీ కావాలి. అలా 2005లో స్వచ్ఛంద సంస్థ చేస్తున్న అప్పుల వ్యవహారం కంపెనీ చేతికి మారింది. బయటి పెట్టుబడులు వచ్చాయి. శాఖలు పెరిగాయి. నిజంగానే లక్షలమందికి అప్పు చేరింది. ఎక్కడా ఎవరూ పేదలను మరచిపోదామని తీర్మానం చేయలేదు.

మారింది ఏమిటంటే, ఆ సంస్థ లెక్క చెప్పుకోవలసిన మనిషి మారాడు. నారాయణఖేడ్‌లో ఉన్నప్పుడు లెక్క చెప్పవలసింది దాతకూ, ఊళ్లో ఆడవాళ్లకూ. కంపెనీ అయ్యాక మూడు నెలలకొకసారి పెట్టుబడిదారుకు. పెట్టుబడిదారు అడిగేవి రెండే: ఎంత పెరిగారు, ఎంత మిగిలింది? అడగడం అతని తప్పు కాదు. అతని డబ్బు అందుకే పెట్టాడు. సంస్థ ఎవరికి లెక్క చెబుతుందో చివరికి వాళ్లకోసమే పనిచేస్తుంది. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. మిగతావన్నీ దీని నుంచి వచ్చేవే.

గ్రామీణ బ్యాంకు విషయంలో ఒక వివరం చాలామంది గమనించరు. ఆ రోజుల్లో ఆ బ్యాంకు వాటాల్లో తొంభై శాతానికి పైగా అప్పు తీసుకునే ఆడవాళ్లవే. ఐదుగురి గ్రూపునూ, వారం కిస్తీనీ, ప్రమాణాన్నీ మనవాళ్లు తెచ్చుకున్నారు. యాజమాన్యం ఆడవాళ్లదిగా ఉండటమనే ఆ ఒక్క ఏర్పాటు మాత్రం అంత గట్టిగా రాలేదు. సభ్యుల పేరిట ట్రస్టులు పెట్టి, వాటికి షేర్లయితే ఇచ్చారు. కానీ కంపెనీ ఎటు నడవాలో తేల్చింది ఆ వాకిట్లో చాప మీద కూర్చున్నవాళ్లు కాదు. ఎస్‌కేఎస్ షేర్లు మార్కెట్‌లోకి రావడాన్ని గ్రామీణ బ్యాంకు స్థాపకుడు మహమ్మద్ యూనుస్ బహిరంగంగానే తప్పుబట్టారు.

హెచ్చరిక రాలేదా అంటే, వచ్చింది. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు రెండు పెద్ద సూక్ష్మరుణ సంస్థల శాఖలను యాభై దాకా మూయించారు. వడ్డీల మీద, వసూళ్ల తీరు మీద అప్పుడు వచ్చిన ఫిర్యాదులే నాలుగేళ్ల తర్వాత రాష్ట్రమంతటా వచ్చాయి. ఆ నాలుగేళ్లలో అన్ని కంపెనీలూ కలిసి కూర్చుని, ఇంత వేగం వద్దు, ఒక ఇంటికి ఇంతకు మించి అప్పు వద్దు అని తమకు తాము ఒక గట్టి కట్టుబాటు పెట్టుకుని ఉంటే? పెట్టుకోలేకపోయారు. వేగం తగ్గిస్తే పెట్టుబడిదారుకు ఏం చెప్పాలి? చివరికి ఆ కట్టుబాట్లు బయట నుంచే వచ్చాయి. ఈ రంగాన్ని పరిశీలించడానికి వేసిన మాలెగాం కమిటీ నివేదిక తర్వాత 2011లో రిజర్వు బ్యాంకు వడ్డీకి 26 శాతం అని హద్దు పెట్టింది. ఎస్‌కేఎస్ 2016లో భారత్ ఫైనాన్షియల్ ఇంక్లూజన్ అని పేరు మార్చుకుంది, 2019లో ఇండస్ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది.

ఇదంతా పెద్ద కంపెనీల కథ, మా చిన్న సంస్థకు దీంతో ఏం పని అని ఎక్కడో ఒక మండల కేంద్రంలో రెండు గదుల ఆఫీసులో కూర్చుని వింటున్న మిత్రులు అనుకోవచ్చు. చిన్న సంస్థల్లో ఇది మరీ మెల్లగా జరుగుతుంది. అందుకే మరీ కనిపించదు.

ఒక సంస్థ ఉందనుకుందాం. పాలమూరు వైపు. అక్కడి నుంచి ఏటా దసరా, దీపావళి దాటగానే కుటుంబాలకు కుటుంబాలు పనులకు వలసపోతాయి. తల్లిదండ్రులతో వెళ్లిపోతే పిల్లల చదువు ఆగిపోతుంది. ఆ పిల్లలను ఊళ్లోనే ఉంచి, తిండి పెట్టి, బడికి పంపే వసతి గృహం నడపడం ఈ సంస్థ పని. దీనికి కావలసింది బియ్యం, కూరగాయలు, ఒక వంటమనిషి, రాత్రి పిల్లల దగ్గర పడుకునే ఒక ఆయమ్మ. ఇన్నాళ్లూ డబ్బిచ్చిన దాత ఆపేశాడు. అప్పుడొక కంపెనీ వచ్చింది. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి కదా, ఆ డబ్బు. వసతి గృహానికి ఇవ్వరట, డిజిటల్ తరగతి గదులకు ఇస్తారట. మంచిదే కదా, పిల్లలకే కదా అని సంస్థ ఒప్పుకుంది. తప్పేముంది? ఆ డబ్బులో ఆఫీసు అద్దె, అకౌంటెంటు జీతం కొంత వెళ్లిపోతాయి, వసతి గృహాన్ని ఎలాగో ఒకలా నడుపుకోవచ్చు అనుకున్నారు.

మొదటి ఏడాది సంస్థలో చురుకైన ఇద్దరు కార్యకర్తలు తరగతి గదుల పనిలో పడ్డారు. ఫొటోలు తీయాలి, నెలనెలా రిపోర్టు రాయాలి, ఖర్చు ధ్రువపత్రాలు పంపాలి. రెండో ఏడాది ఇంకో మూడు మండలాలకు విస్తరించమన్నారు. ఆ మండలాల్లో వలసలే లేవు. మూడో ఏడాది వసతి గృహం ఐదు నెలల బదులు మూడు నెలలే నడిచింది. నాలుగో ఏడాది, ఈసారికి వద్దులే అన్నారు. సంస్థ మాత్రం పెరిగింది. జీపు వచ్చింది, అవార్డు వచ్చింది, వార్షిక నివేదిక రంగుల్లో అచ్చయింది. వలసపోయే ఇంటి పిల్లవాడు వాళ్ల అమ్మా నాన్నలతో లారీ ఎక్కాడు. అతని పేరు ఏ రిపోర్టులోనూ రాయనక్కర్లేదు, ఎందుకంటే అతని గురించి అడిగేవాళ్లు లేరు.

ఇందులో ఎవరు మోసం చేశారు? ఎవరూ చేయలేదు. ప్రతి ఏడాదీ తీసుకున్న నిర్ణయం విడిగా చూస్తే సబబుగానే ఉంది. నాకు బాధ కలిగించేది అదే.

కోనసీమలో లంకల గన్నవరంలో ఉండిన డొక్కా సీతమ్మగారి గురించి ఒక ముచ్చట చెప్పుకుంటారు. గోదావరి పాయలు దాటి వచ్చిపోయే బాటసారులకు వేళ కాని వేళ కూడా అన్నం పెట్టిన ఇల్లాలు, 1909లో కన్నుమూశారు. జీవితంలో ఒక్కసారైనా అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఆమె పల్లకీలో బయల్దేరారట. దారిలో ఒక పెళ్లివారి గుంపు, పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, ఇంకాస్త దూరం వెళితే సీతమ్మగారి ఇల్లు వస్తుంది, అక్కడ అన్నం తిందాం అని ఊరడించుకోవడం ఆమె చెవిన పడిందట. పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకన్నా ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టారట. ఒక మనిషి అయితే అలా ఆ క్షణాన వెనక్కి తిరగగలదు. మనసు తనది, వంటిల్లు తనది. సంస్థలో అది కుదరదు. పదిమంది ఉద్యోగులు, ఏడుగురు కార్యవర్గ సభ్యులు, ముగ్గురు దాతలు ఉన్నచోట, ఎవరో ఒకరి మంచి మనసు మీద ఉద్దేశాన్ని వదిలేస్తే అది నిలవదు. ముందే రాసి పెట్టుకోవాలి. అదెలా రాయాలో మన దగ్గరే ఒక సంస్థ చేసి చూపించింది.

రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల కోసం పనిచేసిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఎం.వి. ఫౌండేషన్ అంటారు. 1981లో ఏర్పడింది. 1991 నుంచి పిల్లలను పని మాన్పించి బడిలో చేర్చే పనిని ప్రధానంగా చేపట్టింది. దాన్ని నడిపిన శాంతాసిన్హాగారు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చెప్పిన ప్రొఫెసరు. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ రోజుల్లో ప్రభుత్వమూ, చాలామంది దాతలూ రాత్రి బడులవైపు మొగ్గుతున్నారు. పగలంతా పశువులు కాసే పిల్లవాడికి, పత్తి చేలో పనిచేసే పిల్లకు, రాత్రి లాంతరు వెలుగులో రెండు గంటలు చదువు చెబుదామని. పాపం, ఇంట్లో గడవాలి కదా, ఏదో ఒకటి నేర్పుదాం అన్న సానుభూతి దాని వెనక ఉంది.

ఎం.వి. ఫౌండేషన్ ఆ దారి తొక్కలేదు. రాజీ పడకూడని సూత్రాలు కొన్ని రాసుకుంది. ప్రతి బిడ్డా పగటి పూట పూర్తికాలం బడికే వెళ్లాలి. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. ప్రమాదకరమైన పని, ప్రమాదం లేని పని అన్న తేడా లేదు, పిల్లలు చేసే పనేదైనా వాళ్ల ఎదుగుదలకు హానే. రాత్రి బడి పెడితే, పగలు పని చేయించుకోవచ్చని మనమే ఒప్పుకున్నట్టు. కాబట్టి రాత్రి బడి వద్దు. ఈ సూత్రాలను ఊళ్లోని యువకులకూ, టీచర్లకూ, సర్పంచులకూ అందరికీ తెలిసేలా చెప్పారు. కొత్తగా చేరిన కార్యకర్త మొదట నేర్చుకునేది అదే.

ఇలా రాసుకోవడంలో ఉన్న బలమేమిటో చూడండి. దాత వచ్చి, పనిచేసే పిల్లలకు సాయంత్రం చదువు కేంద్రాలు పెట్టండి, ఖర్చంతా మేమిస్తాం అన్నాడనుకుందాం. ఊళ్లోని కుర్ర కార్యకర్తకు కూడా జవాబు తెలుసు. హైదరాబాదులోని పెద్దవాళ్లను అడగనక్కర్లేదు. పెద్దవాళ్లే ఆశపడి ఒప్పుకోబోతే, ఆ కుర్రవాడే అడగగలడు: మనం రాసుకున్నదానికి ఇది విరుద్ధం కాదా అని. ఇంకో సంగతి. ఆ సంస్థ తన సొంత బడులు కట్టుకుంటూ పోలేదు. పెద్ద వయసు పిల్లలను కొన్ని నెలలు శిబిరంలో ఉంచి, వాళ్ల వయసు తరగతికి సరిపడా చదువు చెప్పి, ప్రభుత్వ బడిలోనే చేర్పించేది. పిల్లలు తన దగ్గర ఎంతమంది ఉన్నారన్నది దాని లెక్క కాదు, ఊళ్లో బడి బయట ఎంతమంది మిగిలారన్నదే లెక్క. ఊరి పిల్లలందరూ బడిలో చేరితే ఆ ఊళ్లో సంస్థకు ఆ పని ఉండదు. అలాంటి లెక్క పెట్టుకోవడానికి గుండె ధైర్యం కావాలి.

మన సంస్థల బైలాలు తీసి చూడండి. ఉద్దేశాల పేజీ చూడండి. విద్య, వైద్యం, మహిళా సాధికారత, పర్యావరణం, వృద్ధుల సంక్షేమం, క్రీడలు, సంస్కృతి, వికలాంగుల సేవ, వ్యవసాయాభివృద్ధి, ఇంకా ఇలాంటివే ఇతరములు. రిజిస్ట్రేషన్ చేయించిపెట్టే ప్లీడరుగారి దగ్గర ఒక నమూనా ఉంటుంది. దాన్నే అందరికీ ఇస్తారు. రేపు ఏ పథకం వచ్చినా, ఏ విరాళం వచ్చినా అడ్డు రాకూడదని అన్నీ రాయమంటారు. ఏదీ అడ్డు రాని ఉద్దేశం ఉద్దేశమే కాదు. ఏ పని చేయమో కూడా అందులో రాయాలి. చట్టానికి కావలసిన పత్రంలో రాయడం ఇబ్బందైతే, వేరే కాగితం మీద రాసి, జనరల్ బాడీలో తీర్మానం చేసి, ఆఫీసు గోడకు తగిలించండి.

డబ్బు సంగతి. తీసుకునే డబ్బుకు షరతులు ఉంటాయి. ఇది మారదు. విదేశీ విరాళాలకైతే 2020లో చట్టాన్ని సవరించి, పాలనా ఖర్చులు 20 శాతానికి మించకూడదన్నారు, అంతకుముందు 50 శాతం దాకా ఉండేది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వడానికి కూడా వీల్లేదన్నారు. పెద్ద సంస్థల ద్వారా ఇన్నాళ్లూ డబ్బు అందుకున్న పల్లెటూరి చిన్న సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. అలాంటి పరిస్థితిలో ఏ డబ్బు దొరికితే ఆ డబ్బు కోసం పరిగెత్తడం మానవ సహజం. అందుకే సొంత రాబడి ఉన్న సంస్థల నుంచి నేర్చుకోవలసింది ఉంది.

మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రిని డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో మొదలుపెట్టారు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి 58 ఏళ్లకు రిటైరై, ఒక ఇంట్లో, పదకొండు పడకలతో. వాతరోగంతో ఆయన వేళ్లు వంకర్లు పోయాయి. ఆ వేళ్లతోనే కంటి ఆపరేషన్లు చేయడం నేర్చుకున్నారు. తోబుట్టువులు, వాళ్ల భార్యలు, భర్తలు చాలామంది కంటి వైద్యులై ఆ పనిలో చేరారు. అక్కడి పద్ధతి ఇది: డబ్బివ్వగలిగినవాళ్లు ఇస్తారు, ఇవ్వలేనివాళ్లకు ఉచితం. ఒకరి డబ్బుతో ఇంకొకరి వైద్యం. అంతవరకూ చాలామంది అంటారు. అరవింద్‌లో ముఖ్యమైన ఏర్పాటు వేరే ఉంది. అవే చేతులు రెండు చోట్లా ఆపరేషన్ చేస్తాయి. డాక్టర్లు డబ్బు కట్టే విభాగంలోనూ, ఉచిత విభాగంలోనూ వంతులవారీగా పనిచేస్తారు. గదిలో తేడా ఉండొచ్చు, పరుపులో తేడా ఉండొచ్చు, ఆపరేషన్‌లో తేడా లేదు. డబ్బున్న రోగివైపు ఆసుపత్రి ఒరిగిపోకుండా ఆ వంతుల పట్టికే పట్టి ఉంచింది. అక్కడ కూడా లెక్క ఒకటే: ఈ ప్రాంతంలో అనవసరంగా చూపు పోగొట్టుకున్నవాళ్లు ఇంకెంతమంది ఉన్నారు? శుక్లం తీశాక కంట్లో పెట్టే లెన్సు దిగుమతి చేసుకుంటే పేదలకు అందదని, 1992లో ఆరోల్యాబ్ పెట్టి తామే తయారు చేసుకున్నారు. విదేశీ ధరలో పదోవంతు కంటే తక్కువకే అమ్మగలిగారు.  మన హైదరాబాదులో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కూడా ఇదే దారిలో నడిచి, సగం మందికి దాకా ఉచితంగా వైద్యం చేస్తూ వచ్చింది, అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్ లాంటి చోట్లకు తానే వెళ్లింది.

అందరూ ఆసుపత్రి పెట్టలేరు, నిజమే. వలస కూలీల పిల్లల దగ్గర ఫీజు వసూలు చేయలేం. వాళ్లకు మాత్రం లెక్క చెప్పగలం. ఇందులో మన తెలుగువాళ్లకు అనుభవం కూడా ఉంది. ఉపాధి హామీ పథకం మొదలైన 2006లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ మొదలైంది. ఊళ్లోని చదువుకున్న యువకులు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ఫలానా రోజు నువ్వు చెరువు పనికి వెళ్లావా, ఎంత ఇచ్చారు అని అడిగి రాసుకునేవారు. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ముందే ఆ కాగితాలు చదివేవారు. చనిపోయినవాళ్ల పేరు మీద కూలి రాసిన సంగతులు అక్కడ బయటపడేవి. ఆ తనిఖీ కావాలని పోరాడినవాళ్లలో స్వచ్ఛంద సంస్థలు ముందున్నాయి. ప్రభుత్వానికి అది కావాలని అడిగినవాళ్లం, మన సంస్థలకు ఎందుకు పెట్టుకోకూడదు?

ఏడాదికి ఒక రోజు. మనం పనిచేసే ఊళ్లో, రచ్చబండ దగ్గరో, బడి వరండాలోనో. ఎంత వచ్చింది, ఎవరిచ్చారు, దేనికి ఇచ్చారు, దేనికి ఖర్చయింది, ఎవరి జీతం ఎంత, గట్టిగా చదవాలి, తెలుగులో. ఆడిటరు సంతకం చేసిన ఇంగ్లీషు కాగితం దాతకు వెళుతుంది, అది వెళ్లాలి కూడా. కానీ వసతి గృహం ఎందుకు మూసేశారు బాబూ అని అడిగే హక్కు ఉన్న తల్లి ఆ రచ్చబండ దగ్గర కూర్చుని ఉంటుంది. ఆ ప్రశ్నకు ఏడాదికి ఒక్కసారైనా జవాబు చెప్పవలసి వస్తే, వచ్చే ఏడాది డిజిటల్ తరగతులకు సంతకం పెట్టేముందు కార్యదర్శి ఇంకోసారి ఆలోచిస్తాడు. కార్యవర్గంలో కూడా బావమరిది, తమ్ముడు, స్నేహితుడు కాకుండా ఆ ఊరి నుంచి ఇద్దరు ఉంటే ఇంకా మంచిది. ఎం.ఏ. చదివినవాళ్లే ఉండాలని చట్టంలో ఎక్కడా లేదు.

ఉద్దేశానికి కట్టుబడటమంటే ఎప్పటికీ మారకుండా ఉండటమా? ఆ పొరపాటు చేయవద్దు. అమెరికాలో పోలియో మీద పోరాటానికి 1938లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ స్థాపించిన సంస్థ ఒకటుంది. ఆయనకు స్వయంగా పోలియో వచ్చి కాళ్లు పడిపోయాయి. మార్చ్ ఆఫ్ డైమ్స్ పేరుతో ప్రజల దగ్గర చిల్లర పైసలు పోగుచేసి ఆ సంస్థ పరిశోధనలు చేయించింది. 1955లో సాల్క్ టీకా వచ్చింది. లక్ష్యం నెరవేరింది. అప్పుడు సంస్థ మూసేయాలా? వాళ్లు 1958లో పుట్టుకతో వచ్చే లోపాల మీదికి పనిని మళ్లిస్తున్నామని దేశమంతటికీ ప్రకటించి మారారు. దాచిపెట్టి మారలేదు. దాతలకూ, ప్రజలకూ తెలిసేలా మారారు. ఇష్టం లేనివాళ్లు విరాళం ఆపుకోవడానికి వీలుంది. మెల్లగా జారిపోవడానికీ, చెప్పి దారి మార్చుకోవడానికీ ఉన్న తేడా అదే. నారాయణఖేడ్ ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఇకమీదట మేము మీ సంస్థ కాదు, పెట్టుబడిదారుల కంపెనీ, మాకు మీరు ఖాతాదారులు అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే, కనీసం వాళ్లకు జాగ్రత్తపడే అవకాశం దొరికేది.

ఇంతసేపూ సంస్థలు నడిపేవాళ్ల గురించి మాట్లాడాను. ఇప్పుడు వింటున్నవాళ్లలో విరాళం ఇచ్చేవాళ్లు ఎక్కువ ఉంటారు. అమ్మా నాన్నల తద్దినం రోజున అనాథాశ్రమానికి ఒక పూట భోజనం ఇచ్చేవాళ్లు, పిల్లవాడి పుట్టినరోజున బట్టలు పంచేవాళ్లు, అమెరికా నుంచి సొంత ఊరి బడికి కంప్యూటర్లు పంపేవాళ్లు. మీకు ఒక మనవి. మీరిచ్చే డబ్బు కూడా సంస్థను పక్కకు లాగగలదు. కంప్యూటర్లు పంపే ముందు ఒకసారి అడగండి, మీకు అసలు ఏం కావాలి అని. జవాబు మీకు నచ్చకపోవచ్చు. మరుగుదొడ్డి తలుపు బాగుచేయించాలి, వార్డెనుకు నాలుగు నెలల జీతం బాకీ ఉంది, కరెంటు బిల్లు కట్టాలి అంటారేమో. ఫొటో రాని ఖర్చులవి. శిలాఫలకం మీద పేరు చెక్కించుకోలేని ఖర్చులు. వాటికే ఇవ్వండి, షరతు పెట్టకుండా ఇవ్వండి. బదులుగా ఒక్కటి మాత్రం అడగండి: మీరు ఎవరికోసమైతే పనిచేస్తున్నారో వాళ్ల ముందు కిందటేడు లెక్కలు చదివారా? చదివితే, ఏ రోజు, ఏ ఊళ్లో? ఈసారి చదివేటప్పుడు నాకూ కబురు చేస్తారా?

కబురొస్తే వెళ్లండి. వెనక వరసలో కూర్చుని వినండి.